ఏది రాయాలి, ఫాదర్?



మా ములకలపల్లి విచారణలో ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక పిల్లలకు సత్యోపదేశం జరుగుతుంది. కిందటి పాస్కా పండుగ తరువాతి వారం, పదో తరగతికి వెళ్లబోతున్న ఒక అమ్మాయి లేచి నిలబడి ఇలా అడిగింది: "ఫాదర్, విశ్వం పుట్టి 1380 కోట్ల ఏళ్లయిందని బడిలో సారు చెప్పారు. పాస్కా రాత్రి గుడిలో ఆరు రోజులని చదివారు. సంతలో ఎవరో పంచిన కరపత్రంలో భూమి వయసు ఆరువేల ఏళ్లేనని, కాదన్నవాడు దేవుని వాక్యాన్ని కాదన్నట్లేనని ఉంది. పరీక్షలో వస్తే ఏది రాయాలి?"

నేను నోరు తెరిచేలోగా మా ఉపదేశిగారు, "పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయమ్మా, మనసులో మాత్రం బైబులే పెట్టుకో" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. పాతికేళ్లుగా ఈ అడవి పల్లెల్లో వానకు తడిసి ఎండకు ఎండి విశ్వాసాన్ని బోధిస్తున్న మనిషి. అయినా ఆ సలహాతో నాకు పేచీ ఉంది. పెట్టెలో రెండు అరలు చేసి, ఒక అరలో బడి సత్యం, మరొక అరలో గుడి సత్యం దాచుకోమని మనం పిల్లలకు నేర్పితే, ఏదో ఒక రోజున వాళ్లు ఆ రెండు అరలను పక్కపక్కన తెరిచి చూస్తారు. అప్పుడు ఒకదాన్ని ఖాళీ చేస్తారు. ఏ అరను ఖాళీ చేస్తారో మీకు తెలుసు. పై చదువులకు పట్నం వెళ్లి, రెండేళ్ల తరువాత సెలవులకు వచ్చి, "మొదటి పేజీయే అబద్ధమైనప్పుడు మిగిలిన పుస్తకం ఎందుకమ్మా?" అని తల్లిని అడిగిన కుర్రవాడు మన విచారణల్లో ఒక్కడు కాదు. ఆ తల్లులు వచ్చి నా ఎదుట కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. అందుకే ఈ వారం ఈ సంగతిని కాస్త వివరంగా రాయదలచాను.

ముందు ఆ ఆరువేల ఏళ్ల లెక్క చూద్దాం. ఆ అంకె పవిత్ర గ్రంథంలో ఎక్కడా లేదు. వంశావళులలోని వయసులన్నీ కూడి, రాజుల ఏలుబడులు కలిపి, 1650లో ఐర్లండు దేశంలో ఆర్మా నగరపు ఆంగ్లికను అగ్రపీఠాధిపతి జేమ్సు అషరు ఒక లెక్క కట్టారు. సృష్టి క్రీస్తుపూర్వం 4004వ సంవత్సరం అక్టోబరు 23న జరిగిందని ఆయన తేల్చారు. ఆయనను చూసి నవ్వవలసిన పనిలేదు. గొప్ప పండితుడు, తన కాలంలో దొరికిన ఆధారాలతోనే లెక్క వేశారు. కాని అది ఒక పండితుని లెక్క, విశ్వాస సత్యం కాదు. మన శ్రీసభ ఏనాడూ దానిని విశ్వసించమని మనల్ని అడగలేదు. పైగా 1909లోనే రోములోని బైబులు సంఘం ఆదికాండపు మొదటి అధ్యాయంలోని 'దినము' అనే మాటను ఇరవై నాలుగు గంటల రోజుగానే తీసుకోనక్కరలేదని, ఒక కాలవ్యవధిగా కూడా అర్థం చేసుకోవచ్చునని తెలిపింది. మన తాతల నాటి మాట అది. కరపత్రాలు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మన ప్రాంతంవారికి దీని గురించి దూరదేశపు పండితులు చెప్పవలసిన అవసరం కూడా లేదు. 1871లో భూగర్భశాఖకు చెందిన కింగు దొర ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. అక్కడి సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనుల్లో దిగి పనిచేసిన కుటుంబాలు మన విచారణల్లో ఎన్నో ఉన్నాయి. బొగ్గు పొరల నడుమ వచ్చే పలకరాతిలో నాలుక ఆకారంలో ఉన్న ఆకు అచ్చు అప్పుడప్పుడు కనబడుతుంది. అది గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు. ఆ చెట్లు పచ్చగా ఊగి ఇరవై అయిదు కోట్ల ఏళ్లు దాటింది. ఇదే ఆకు అచ్చు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, మంచు ఖండమైన అంటార్కిటికాలో కూడా దొరికింది. ఒకనాడు ఆ నేలలన్నీ మన గోదావరి నేలతో కలిసి ఉండేవన్నమాట. హైదరాబాదులో బిర్లా విజ్ఞాన కేంద్రానికి వెళ్లినవారు అక్కడ నిలబెట్టిన పెద్ద రాక్షసబల్లి అస్థిపంజరాన్ని చూసే ఉంటారు. దాని ఎముకలు దొరికింది ప్రాణహిత గోదావరి లోయలోని యామన్‌పల్లిలో. కోటాసారస్ అని దానికి పేరు. పదహారు కోట్ల ఏళ్లకు పైబడిన ప్రాణి. సర్వేశ్వరుడు మనల్ని మోసగించడానికి రాళ్లలో దొంగ ఆకులు, దొంగ ఎముకలు పెట్టాడని అనుకుంటామా? ఆయన అబద్ధమాడడు. గ్రంథంలోనూ ఆడడు, రాతిలోనూ ఆడడు.

"అయితే పాస్కా రాత్రి చదివింది ఏమిటి, ఫాదర్?" అనేది ఆ అమ్మాయి రెండో ప్రశ్న. అసలు ప్రశ్న అదే.

మణుగూరు వైపు కోయ పల్లెల్లో డోలి కళాకారులు ఉంటారు. కులపెద్దల చరిత్రను, గోత్రాలు ఎలా వచ్చాయో, వనదేవతలుగా కొలిచే వీరుల కథలను కంచుమేళం మీద పాడి వినిపిస్తారు. బొమ్మలు కుట్టిన పడిగె గుడ్డ వాళ్ల చేతిలోని గ్రంథం. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్యగారు ఆ పరంపరలో పెద్దమనిషిగా ఉండేవారు. అక్కడ చుట్టూ కూర్చుని వినేవాళ్లెవరూ "ఇది ఏ నెల ఏ తారీఖున జరిగింది?" అని అడగరు. వాళ్ల చెవులు వెతికేది వేరు. మేము ఎవరి బిడ్డలం? ఎవరితో మాకు వరస కలుస్తుంది? ఈ అడవికీ మాకూ ఏమి సంబంధం? ఇవి తెలియని మనిషి ఊళ్లో ఉన్నా ఊరివాడు కాడు. మన ఆదికాండంలోని మాటలు దైవప్రేరితమైనవి, ఆ గౌరవం వేరు. అయినా దానిని ఏ ప్రశ్నలతో సమీపించాలో మన గిరిజన పెద్దలకు తెలిసినంతగా మన చదువుకున్నవాళ్లకు తెలియదని నాకు తరచు అనిపిస్తుంది.

గ్రంథాన్ని చేతికి తీసుకుని మొదటి రెండు అధ్యాయాలూ ఒక్కసారి నెమ్మదిగా చదవండి. మొదటి అధ్యాయంలో వెలుగు మొదటి దినాన వస్తుంది, సూర్యుడు నాలుగో దినాన వస్తాడు. సూర్యుడు లేకుండా మూడు ఉదయాలు, మూడు సాయంత్రాలు ఎలా గడిచాయి? ఈ ప్రశ్న ఇప్పటి హేతువాదులు కొత్తగా కనిపెట్టింది కాదు. పదహారు వందల ఏళ్ల కిందటే పునీత అగస్టీనుగారు దీనితో కుస్తీ పట్టి, ఇవి మామూలు రోజులు కావని గ్రహించారు. ఇక రెండో అధ్యాయంలో క్రమమే వేరు. మొదట మానవుడు, తరువాత తోట, ఆ తరువాత జంతువులు, చివరకు స్త్రీ. ఈ రెండు కథనాలను పక్కపక్కన ఉంచిన పవిత్ర రచయితలు తెలివితక్కువవాళ్లు కారు. తేడా వాళ్లకు కనిపించలేదా? కనిపించింది. అయినా రెండూ ఉంచారు. ఏది ముందు ఏది వెనుక అని లెక్క చెప్పడం వాళ్ల పని కాదు గనుకనే ఉంచారు.

మొదటి అధ్యాయం ఇప్పుడున్న రూపాన్ని యూదులు బబులోను చెరలో ఉన్న కాలంలో సంతరించుకున్నదని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీస్తుపూర్వం 587లో యెరూషలేము కూలిపోయింది. దేవాలయం బూడిదయింది. ఓడిపోయిన జనం గెలిచినవాళ్ల ఊళ్లో కూలి చేసుకుంటూ, గెలిచినవాళ్ల పండుగలు చూస్తున్నారు. ఆ పండుగల్లో బబులోనువారు తమ సృష్టికథ చదివేవారు. మర్దూకు అనే దేవుడు తియామతు అనే దేవతను చంపి, ఆమె శరీరాన్ని చీల్చి ఆకాశం చేశాడట. ఓడిన మరో దేవుని నెత్తురుతో మనుషులను చేశాడట. ఎందుకు? దేవతలు చేసే చాకిరీ వీళ్లు చేయడానికి. అంటే మనిషి పుట్టుకతోనే వెట్టివాడు. ఆ దేశంలో దేవుని ప్రతిరూపం అన్న గౌరవం రాజుకు తగిన మాట, కూలివాడికి కాదు.

ఆ జనం మధ్య, ఆ చెరలో, మన పూర్వులు చెప్పిన మాట వేరు. సృష్టి యుద్ధంలో పుట్టలేదు, ఒక్క మాటతో పుట్టింది. అది మంచిది. సూర్యచంద్రులు దేవతలు కారు, దీపాలు మాత్రమే. వాటి పేర్లు సైతం పలకకుండా ఒకటి పెద్ద దీపం, ఒకటి చిన్న దీపం అని ఊరుకున్నారు. పేరు పలికితే అక్కడి దేవతల పేరు పలికినట్లవుతుంది! మనిషి వెట్టివాడు కాదు. ఆడదైనా మగవాడైనా, రాజైనా చెరలోని కూలివాడైనా, దేవుని పోలిక. ఏడో రోజున సర్వేశ్వరుడే విశ్రమించాడు గనుక బానిసకూ విశ్రాంతి హక్కయింది. ఏడాదంతా పోడు చేలల్లో, మిరపతోటల్లో, ఆయిల్‌పాం తోటల్లో ఒళ్లు విరుచుకునే మన జనానికి ఈ అధ్యాయంలో ఎంత ఉన్నదో చూడండి. దీనిని రాళ్ల వయసు చెప్పే పట్టికగా మార్చడమంటే బంగారు గిన్నెతో పేడ ఎత్తడమే.

ఇక విజ్ఞానశాస్త్రం సంగతికి వద్దాం. మనకు తెలియకుండానే మన తెలుగునేల ఈ కథలో ఒక పాత్ర వహించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియేర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట బసచేశాడు. పగలు చీకటయిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుని అంచున లేచే మంటల వెలుగును పట్టకంతో రంగులుగా విడదీసి చూశాడు. ఆ గ్రహణాన్ని చూసినవారికి పట్టకంలో ఒక పసుపు గీత కనబడింది. ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త అదే ఏడాది అక్టోబరులో దాన్ని పరిశీలించి, ఆ గీత భూమిమీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. సూర్యుని గ్రీకు పేరుమీద దానికి హీలియం అని పేరు వచ్చింది. భూమిమీద అది దొరకడానికి 1895 వరకు ఆగవలసి వచ్చింది. జాతరలో పిల్లల చేతుల్లో పైకి ఎగిరే బుడగల్లో నింపే వాయువు అదే.

ఇప్పుడు ఆ హీలియం ఏమి చెబుతున్నదో వినండి. విశ్వంలోని మామూలు పదార్థంలో బరువు ప్రకారం సుమారు నాలుగో వంతు హీలియమే. నక్షత్రాలు ఇన్ని కోట్ల ఏళ్లుగా మండి తయారుచేసినదంతా కలిపినా ఇంత రాదు. అయితే ఎక్కడినుంచి వచ్చింది? విశ్వమంతా చెప్పలేనంత వేడిగా, చిక్కగా ఉన్న తొలి నిమిషాల్లో తయారయిందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. లెక్కా, కొలతా సరిపోయాయి. గుంటూరు ఆకాశంలో కనబడిన ఆ పసుపు గీత, వెనక్కి పట్టుకుని నడిస్తే, సృష్టి తొలి గడియల దాకా తీసుకుపోయే దారం.

ఆ దారాన్ని మొదట చేతికి తీసుకున్నవాడు ఒక కతోలిక గురువు. ఈ సంగతి మన యువకులకు మనమే చెప్పడం లేదు, అదీ నా బాధ. జార్జి లెమైతర్ 1894లో బెల్జియం దేశంలో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళంలో పనిచేశారు. 1923లో గురుపట్టం పొందారు. 1927లో, విశ్వం నిశ్చలంగా లేదని, వ్యాకోచిస్తున్నదని గణితంతో చూపి ఒక వ్యాసం రాశారు. మహామేధావి ఐన్‌స్టీనుకు అది రుచించలేదు. లెక్కలు సరే గాని భౌతికశాస్త్రం మాత్రం అసహ్యంగా ఉందన్నట్లు మాట్లాడారు. లెమైతర్‌గారు కోపగించుకోలేదు, వెనక్కి తగ్గలేదు. 1929లో అమెరికాలో హబుల్ కొలతలు దూరపు నక్షత్రమండలాలు మననుంచి దూరంగా జరుగుతున్నాయని చూపాయి. 1931లో లెమైతర్‌గారు మరో అడుగు వేసి, వ్యాకోచించే విశ్వాన్ని వెనక్కి తిప్పితే అంతా ఒక ఆదిమ అణువులోకి చేరుతుందని రాశారు. తరువాత దీనిని ఎగతాళిగానో ఏమో, ఫ్రెడ్ హోయల్ అనే శాస్త్రవేత్త 1949లో రేడియోలో 'బిగ్ బ్యాంగ్' అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. మనవాళ్లు మహావిస్ఫోటం అంటున్నారు. హోయల్‌గారు, ఆయన శిష్యుడైన మన భారతీయుడు జయంత్ నార్లీకర్‌గారు చివరివరకు ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. శాస్త్రంలో అలాంటి తగవులు ఉంటాయి, ఉండాలి కూడా. కాని 1965లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలకు ఆకాశం నలువైపులనుంచీ ఒకే తీరుగా వచ్చే సన్నని రేడియో వేడి దొరికింది. ఆనాటి నిప్పు చల్లారగా మిగిలిన వెచ్చదనమది. ఆ కబురు ఆసుపత్రి మంచంమీద ఉన్న లెమైతర్‌గారికి శిష్యుడొకరు చేరవేశారు. కొద్ది రోజులకే, 1966 జూన్ 20న, ఆయన కన్నుమూశారు. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం వ్యాకోచ సూత్రానికి హబుల్ పేరుతోపాటు ఈ గురువు పేరును కూడా చేర్చాలని సిఫారసు చేసింది.

ఒక్క గురువే కాదు. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టీ వేయాలని 1887లో పారిసు నగరంలో పలు దేశాల ఖగోళశాలలు తీర్మానించుకున్నాయి. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. ఒక పట్టీ వాటికను ఖగోళశాలకు వచ్చింది. అక్కడ మిలాను నుంచి వచ్చిన నలుగురు మఠకన్యలు పదేళ్లకు పైగా గాజుపలకల మీద కళ్లు పెట్టి 4,81,215 నక్షత్రాల స్థానాలు కొలిచారు. మరొక పట్టీ మన హైదరాబాదులోని నిజామియా ఖగోళశాలకు వచ్చింది. వాళ్లు ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచారు. రోములో జపమాల పట్టిన చేతులు, హైదరాబాదులో నిజాము కొలువులోని హిందూ, ముస్లిం, ఆంగ్లేయ గుమాస్తాల చేతులు ఒకే పుస్తకం రాశాయి. ఆ మఠకన్యల పేర్లు 2016 వరకు ఎవరికీ సరిగా తెలియవు. మఠాల్లో అంతే!

ఇంతవరకు చదివిన మీలో కొందరికి ఉత్సాహం వచ్చి ఉంటుంది: "చూశారా, శాస్త్రమే సృష్టిని రుజువు చేసింది!" ఆగండి. ఇక్కడే నేను మిమ్మల్ని హెచ్చరించాలి. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోపుగారు వైజ్ఞానిక పరిషత్తులో మాట్లాడుతూ ఈ కొత్త శాస్త్రం ఆదిలోని వెలుగుకు సాక్ష్యమిస్తున్నట్లుగా పలికారు. అందరూ చప్పట్లు కొట్టిన ప్రసంగం అది. లెమైతర్‌గారికి మాత్రం నచ్చలేదు. తన సిద్ధాంతం రేపు తప్పని తేలితే విశ్వాసం కూడా తప్పనిపిస్తుందని, దేవుణ్ణి ఒక భౌతిక లెక్కకు కట్టెయ్యడం భక్తి కాదని ఆయన భావం. మరుసటి ఏడు 1952 సెప్టెంబరులో అదే పోపుగారు ఖగోళ శాస్త్రజ్ఞులతో మాట్లాడినప్పుడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఒక విధేయుడైన గురువు చెప్పిన మాట విన్న పోపుగారి వినయం కూడా తక్కువది కాదు. మన హిందూ సోదరులు కొందరు బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు, చూడండి మా పురాణంలో ముందే ఉంది అంటూ ఉంటారు. ఆ తొందరా మన తొందరా ఒకటే. నిన్నటి అంకె నేటి అంకెతో కలిసినందుకు పొంగిపోతే, రేపు కలవనప్పుడు ఏమి చేస్తాం?

సెమినరీలో మాకు తత్త్వశాస్త్రం చెప్పినప్పుడు నా మనసులో నాటుకున్న సంగతి ఒకటి ఉంది. పునీత తోమాసు అక్వినాసుగారు 1270 ప్రాంతంలో ఈ విషయంమీదే ఒక చిన్న గ్రంథం రాశారు. ప్రపంచానికి ఆరంభం ఉన్నదని మనం విశ్వాసం వల్ల ఎరుగుదుము గాని, తర్కంతో రుజువు చేయలేమని ఆయన వాదం. ఒకవేళ ప్రపంచం అనాదిగా ఉన్నదనుకున్నా అది సృష్టే అవుతుంది! చాలామందికి ఇది మింగుడుపడదు. సృష్టి అంటే ఎప్పుడో ఒకనాడు మీట నొక్కి వదిలేసిన పని అని మన ఊహ. మేస్త్రీ ఇల్లు కట్టి కూలి తీసుకుని వెళ్లిపోతాడు. ఆయన చచ్చిపోయినా ఇల్లు నిలబడుతుంది. సర్వేశ్వరుడు అటువంటి మేస్త్రీ కాడు. ఇందాక చెప్పిన డోలి పాటను తలచుకోండి. పాట గాయకుని గొంతులో ఉన్నంతసేపే ఉంటుంది. అతడు ఆపితే పాట ఎక్కడికో పోదు, ఉండనే ఉండదు. సృష్టికీ సృష్టికర్తకూ ఉన్న సంబంధం అటువంటిది. కనుక ఆయనను 1380 కోట్ల ఏళ్ల కిందటి మొదటి నిమిషంలో మాత్రమే వెతకడం పాటలోని మొదటి అక్షరానికే గాయకుడు కావాలి అన్నట్లుంటుంది.

మరి స్టీఫెన్ హాకింగ్ వంటి మేధావులు భౌతిక సూత్రాలుంటే చాలు, విశ్వం తనంతట తానే శూన్యంనుంచి వస్తుంది అన్నారు కదా? 2010లో వచ్చిన పుస్తకంలో ఆయన అలాగే వాదించారు. విశేషమేమంటే ఆయన 1986నుంచి చనిపోయేవరకు పోపుగారి వైజ్ఞానిక పరిషత్తు సభ్యుడు. దేవుణ్ణి నమ్మనివాడికి కూడా అక్కడ కుర్చీ వేశారు. ఆయన లెక్కల్లో వేలుపెట్టే అర్హత నాకు లేదు. కాని 'శూన్యం' అన్న మాట దగ్గర తత్త్వశాస్త్రం చదివినవాడు ఆగుతాడు. సూత్రాలున్నాయంటే అది శూన్యం కాదు. ధాన్యం లేని గాదె ఖాళీ గాదే గాని గాదె కూడా లేకపోవడం కాదు గదా! ఆ సూత్రాలు ఎందుకున్నాయి, అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకున్నది అన్న ప్రశ్న దుర్భిణికి అందదు. అది శాస్త్రం తప్పు కాదు. తక్కెడతో పొడుగు కొలవలేకపోవడం తక్కెడ తప్పా?

పోపులు కూడా ఈ దారినే నడిచారు. రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో గెలీలియో విషయంలో జరిగిన పొరపాటును ఒప్పుకున్నారు, 1996లో జీవపరిణామం ఒట్టి ఊహ కంటే ఎక్కువని అన్నారు. 2014లో ఫ్రాన్సిస్ పోపుగారు దేవుడు మంత్రదండం పట్టిన గారడీవాడు కాడని చెప్పారు. మనిషి ఆత్మను మాత్రం సర్వేశ్వరుడే నేరుగా సృజిస్తాడని శ్రీసభ బోధ. అది దుర్భిణిలో గాని సూక్ష్మదర్శినిలో గాని పట్టుబడే వస్తువు కాదు గనుక అక్కడ తగవే లేదు.

అయితే ఇదంతా మనకెందుకు? పొలం పనికి పోయే అమ్మకు, గనిలో రెండో షిఫ్టుకు పోయే నాన్నకు విశ్వం పుట్టుకతో ఏమి పని?

శూన్యంనుంచి సృష్టి జరిగిందన్న మాట పవిత్ర గ్రంథంలో స్పష్టంగా పలికింది ఎవరో తెలుసా? ప్రవక్త కాదు, రాజు కాదు, పండితుడు కాదు. మక్కబీయుల రెండవ గ్రంథం ఏడో అధ్యాయంలో ఒక తల్లి. కరపత్రం పంచిన సోదరుల బైబులులో ఈ గ్రంథం ఉండదు గనుక వాళ్లకు ఈ తల్లి తెలియదు. ఒక్క రోజున ఆమె కళ్లెదుటే ఆరుగురు కొడుకులను రాజు చంపించాడు. ఏడోవాడు, చిన్నవాడు, మిగిలాడు. వాడికి నచ్చజెప్పి ప్రాణం దక్కించుకొమ్మని రాజు ఆ తల్లినే పురమాయించాడు. ఆమె వంగి, రాజుకు అర్థం కాని తమ సొంత భాషలో కొడుకుతో మాట్లాడింది. ఆకాశాన్నీ భూమినీ చూడమంది. వాటిని దేవుడు ముందున్న వస్తువులతో చేయలేదని చెప్పింది. నువ్వు నా కడుపులో ఎలా రూపుకట్టావో నాకే తెలియదని, నీకు ఊపిరి ఇచ్చింది నేను కాదని, ఇచ్చినవాడే తిరిగి ఇస్తాడని ధైర్యం చెప్పింది. ఆమె భౌతికశాస్త్రం మాట్లాడలేదు. ఏమీ లేనిచోటనుంచి ఉనికిని ఇవ్వగలిగినవాడికి, మరణం తరువాత ఏమీ మిగలలేదని మనం అనుకునే చోటనుంచి నా బిడ్డను తిరిగి ఇవ్వడం కష్టమా అన్నది ఆ తల్లి లెక్క.

కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఒక అడవి గూడెంలో జ్వరంతో పోయిన పిల్లవాడికి భూస్థాపన చేయడానికి వెళ్లాను. వాగు దాటి వెళ్లేసరికి పొద్దుగూకింది. మట్టి కప్పాక తండ్రి నన్ను పక్కకు పిలిచి, "వాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, అయ్యగారూ?" అని అడిగాడు. వాదాలేవీ నాకు గుర్తు రాలేదు. టార్చిలైటు వెలుగులో ఈ ఏడో అధ్యాయమే చదివాను. చదివాక కూడా ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. కాని ఆ తల్లి మాట మళ్లీ ఒకసారి చదవమని అడిగాడు, చదివాను. 1380 కోట్లు అనే అంకె ఆ రాత్రి తప్పు కాదు. దాని పని అక్కడ లేదు, అంతే. మరుసటి రోజు బడిలో ఆ పిల్లవాడి అక్కకు దాని పని ఉంది.

కాబట్టి ఉపదేశిగారలారా, పిల్లలు అడిగితే అరలు చేయకండి. పరీక్షలో 1380 కోట్ల ఏళ్లని నిజాయితీగా రాయమనండి. అది అబద్ధపు జవాబన్న మనసుతో రాయవద్దని కూడా చెప్పండి. తల్లిదండ్రులారా, మీ అమ్మాయి భూగర్భశాస్త్రమో ఖగోళమో చదువుతానంటే విశ్వాసం పోతుందని భయపడి ఆపకండి. ఆ నలుగురు మఠకన్యల సంగతి చెప్పండి.

ఇక నాదొక విన్నపం. పాస్కా జాగరణ రాత్రి పఠనాలు ఎక్కువయ్యాయని, ఆదికాండాన్ని కుదించమని ప్రతి ఏటా ఎవరో ఒకరు పూజకు ముందు నా దగ్గరికి వస్తారు. దూరపు గూడేలనుంచి నడిచి వచ్చినవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు, ఇప్పపూల కాలం గనుక తెల్లవారుజామునే అడవికి పోవాలనీ తెలుసు. అయినా ఈసారి అడగకండి. మొత్తం చదివిస్తాను, తొందరపడకుండా. పూజ అయ్యాక వీధిదీపాలు లేని మన దారుల్లో ఇళ్లకు నడిచేటప్పుడు తలపైన పున్నమి దాటిన చంద్రుడు ఉంటాడు. మన పూర్వులు పేరుపెట్టి పిలవని ఆ చిన్న దీపమే అది. పిల్లలు ఏవైనా ప్రశ్నలు అడిగితే దారిలో కసరకుండా వినండి. జవాబు తెలియకపోతే ఆదివారం నా దగ్గరికి పంపండి.